ఆధార్‌లో నాన్న పేరు ముందు ‘సి/ఓ’ అని ఉంటే తప్పా?

కొత్త ఆధార్ కార్డులో నాన్నగారి పేరు ముందు ‘ఎస్/ఓ’ కాకుండా ‘సి/ఓ’ అని వచ్చిందనీ, అది అచ్చుతప్పయితే మార్పించుకోవాలా అనీ అడిగారు. అచ్చుతప్పు కాదు. ఒకప్పుడు ఆధార్‌లో ఎస్/ఓ, డి/ఓ, డబ్ల్యు/ఓ అని కొడుకో, కూతురో, భార్యో తెలిసేలా వేసేవారు. ఈమధ్య వస్తున్న కార్డుల్లో సి/ఓ కనిపిస్తోంది. ఆ పేరు మీ చిరునామాలో మొదటి వరుస, అంతే. మిగతా వివరాలన్నీ సరిగ్గా ఉంటే దీనికోసం ఆధార్ కేంద్రం చుట్టూ తిరగకండి.

సి/ఓ అంటే ‘కేర్ ఆఫ్’. మనం ‘కేరాఫ్’ అనేది దాన్నే. ఫలానావారి ఇంట్లో ఉంటున్న ఫలానావారికి, వారి ద్వారా అందించండి అని పోస్ట్‌మన్‌కు చెప్పే మాట అది. పాతకాలపు వాళ్లు ‘మార్ఫత్’ అని రాసేవారు. అందులో చుట్టరికం ప్రసక్తే లేదు. ఇంటి యజమాని కావచ్చు, స్నేహితుడు కావచ్చు, పనిచేసే దుకాణం కావచ్చు.

రాసే వరుస మాత్రం ముఖ్యం. ఉత్తరం ఎవరికో వారి పేరు పైన, ఎవరి ఇంట్లో ఉంటున్నారో వారి పేరు కింద, సి/ఓ తర్వాత. నాకు ఇది అనుభవం మీద తెలిసింది. 1994లో విజయవాడ సత్యనారాయణపురంలో అద్దెగదిలో ఉండేవాణ్ణి. ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ, వెంట తిరుగు చిరునామాతో పంపాల్సిన కవరు మీద మర్యాదగా ఉంటుందని ఇంటి యజమాని పేరు ముందు రాసి, దాని కింద సి/ఓ అని నా పేరు రాశాను. అంటే ఆయనే నా పంచన ఉంటున్నట్టు! పరీక్షకు పిలుపు వచ్చింది. కవరు మీద పైన తన పేరు చూసి ఆయన విప్పారు, ఏమీ అర్థం కాక కరెంటు బిల్లుల మధ్య పెట్టేశారు. పరీక్ష అయిపోయిన నాలుగు రోజులకు, అద్దె కట్టడానికి వెళ్తే, ‘ఇది మీదేనా’ అని చేతికిచ్చారు. ఆయన్ని ఏమని అనగలను?

కేరాఫ్ అనగానే నాకు గుర్తొచ్చేది ఇంకొకటి ఉంది. మా చిన్నాన్న సైన్యంలో పనిచేశారు. ఆయనకు రాసే ఉత్తరాల మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చివర ‘సి/ఓ 56 ఏపీఓ’ అని ఉండేది. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. తూర్పు వైపు ఉన్న దళాలకైతే 99 ఏపీఓ. జవాను ఏ కొండమీద ఉన్నాడో కవరు మీద కనిపించకూడదు, ఉత్తరం మాత్రం చేరాలి. దానికి ఈ ఏర్పాటు. పిన్‌కోడ్ తొమ్మిదితో మొదలైతే అది సైనిక తపాలాది. మా నాన్నమ్మ చాలాకాలం ‘యాభై ఆరు’ అనేది ఒక ఊరనుకుంది. ఆ ఊళ్లో చలి ఎలా ఉందో అడగమని నాతో రాయించేది. పశ్చిమగోదావరిలో మిలటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఈ చిరునామా చాలా ఇళ్లవాళ్లకు కంఠతా వచ్చి ఉంటుంది.

తెలుగులోకి వచ్చాక మాత్రం ఈ మాట అడ్డం తిరిగింది. ఇంగ్లిషులో కేరాఫ్ అంటే సొంత చోటు కాదు, ఇంకొకరి దగ్గర ఉంటున్నాననే అర్థం. మన పత్రికల్లో ‘సమస్యలకు కేరాఫ్ అడ్రస్‌గా మారిన ఆసుపత్రి’ అంటే సమస్యలు అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్నాయని! ‘కేరాఫ్ ప్లాట్‌ఫారం’ అనేదే అసలు అర్థానికి కాస్త దగ్గర.

మళ్లీ మీ విషయానికి. మీరు జాగ్రత్తపడాల్సింది ఒక్కచోటే: సి/ఓ పక్కన ఉన్న పేరును బంధుత్వానికి రుజువుగా చూపబోతే చిక్కు వస్తుంది. మా అత్తయ్య కార్డులో సి/ఓ పక్కన ఆవిడ కొడుకు పేరు ఉంది. ఒక కార్యాలయంలో దరఖాస్తు నింపిన గుమాస్తా, ఆడవారి కార్డులో మగ పేరు ఉంటే భర్తే అయివుంటాడని, దాన్ని ‘భర్త పేరు’ గడిలో ఎక్కించాడు. అది సరిచేయించడానికి మూడుసార్లు తిరిగాం. చదివిన ప్రతిసారీ ఆవిడ ముఖం కందగడ్డయ్యేది. అందుకే తండ్రి పేరు రుజువు కావాలన్నచోట జనన ధ్రువపత్రమో, పదో తరగతి మార్కుల జాబితానో, పాస్‌పోర్టో ఇవ్వండి. పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లి, తండ్రి, జీవిత భాగస్వామి పేర్లు విడివిడిగా ఉంటాయి. భర్త పేరుకైతే వివాహ ధ్రువపత్రం. దరఖాస్తు మీరే దగ్గరుండి నింపించండి.

పై చదువులకు విదేశాలకు వెళ్లేవారెవరైనా ఇది చదువుతుంటే, అమెరికాలో మొదటి నెలల్లో స్నేహితుల ఇంట్లో దిగినప్పుడు సి/ఓ తప్పక రాయండి. మా మేనల్లుడి బ్యాంకు కార్డు, తపాలా పెట్టె మీద తన పేరు లేకపోవడంతో వెనక్కి వెళ్లిపోయింది. రెండోసారి తెప్పించుకున్నప్పుడు స్నేహితుడి పేరు సి/ఓగా చేర్చాడు, వచ్చింది. అక్కడి వలస శాఖ దరఖాస్తుల్లో కూడా దీనికి విడిగా ఒక గడి ఉంటుంది. సొంత అద్దె ఇల్లయితే దాన్ని ఖాళీగా వదిలేయవచ్చు.

ఇంకొక్క మాట. పల్లెటూరి చిరునామాల్లో ‘హెచ్/ఓ’ కనిపిస్తే అది భర్త సంగతి కాకపోవచ్చు. మన రెవెన్యూ కాగితాల్లో అది ‘హామ్లెట్ ఆఫ్’, అంటే ఫలానా గ్రామ శివారు అని. అత్తయ్య కార్డు చూసిన ఆ గుమాస్తా కంట అది పడలేదు, నయం!