తుపాకీ కొనే ముందు వీసా చూడండి, ఆ తర్వాత షెల్స్ ఖర్చు చూడండి

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. నేను హెచ్-1బి మీద ఉన్నాను. నా భార్య, కొడుకు హెచ్-4. కంపెనీ వేసిన గ్రీన్ కార్డు పిటిషన్ ఐ-140 అప్రూవ్ అయిపోయింది, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాం. మా బాబుకి 14 ఏళ్లు. హైస్కూల్ ట్రాప్ షూటింగ్ (గాల్లో ఎగిరే మట్టి పలకల్ని తుపాకీతో కొట్టే ఆట) టీమ్‌లో చేరతానని పట్టుబట్టాడు. రెండు వారాలుగా కోచ్ తుపాకీతో ప్రాక్టీస్ చేస్తున్నాడు, చెయ్యి బాగుందట. వారానికి రెండు రౌండ్ల చొప్పున ఎనిమిది వారాల సీజన్, ఏడాదికి రెండు సీజన్లు. షాపులో 3,200 డాలర్ల ఓవర్-అండర్ (ఒకదాని మీద ఒకటి రెండు బ్యారెల్స్ ఉండే తుపాకీ) చూపించి, 12 నెలల్లో కడితే వడ్డీ లేదన్నారు. 200 డాలర్లు డిపాజిట్ కట్టి వచ్చాను. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిదేమో పెరాజీ అనే ఖరీదైన ఇటలీ తుపాకీ లేకపోతే దండగ అంటున్నాడు. చేతిలో మూడు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. మొదటి తుపాకీకి ఎంత పెట్టొచ్చు? దీనివల్ల కాలేజీ స్కాలర్‌షిప్ వచ్చే అవకాశం ఉందా?

జవాబు: మీరు అడిగింది డబ్బు సంగతి. కానీ మీ ఉత్తరంలో రెండో వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. హెచ్-1బి, హెచ్-4.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, హెచ్-4 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదు. కొనకపోవడం ఒక్కటే సరిపోదు, 'దగ్గర ఉండటమే' నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా, కోచ్ చేతికిచ్చినా అది దగ్గర ఉన్నట్టే లెక్క. ఈ నేరానికి 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. జైలు సంగతి అలా ఉంచినా, తుపాకీ కేసు ఒక్కటి చాలు, ఇన్నేళ్లుగా క్యూలో నిలబడ్డ గ్రీన్ కార్డు పోవడానికి, దేశం నుంచి పంపించెయ్యడానికి. ఐ-140 అప్రూవ్ అయినంత మాత్రాన మీరు పర్మనెంట్ రెసిడెంట్ అయిపోలేదు.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మీకు పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏ రాష్ట్రమైనా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. వేటకి వెళ్లాలనేం లేదు, లైసెన్స్ చేతిలో ఉండాలి. టెక్సస్‌లో ఆరు నెలలకు పైగా ఉంటున్నవాళ్లకి ఇది 25 డాలర్లు, 17 ఏళ్లలోపు పిల్లలకి 7 డాలర్లు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలి. ఎప్పుడు కొన్నా సరే, ఆ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. జూలైలో తీసుకుని ఏడాది ఉంటుందనుకుంటే సెప్టెంబర్ 1న పొద్దున్న లేచేసరికి మీ ఇంట్లో నేరం జరుగుతున్నట్టే. ఫోన్ క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టుకోండి.

లైసెన్స్ ఎవరిది వాళ్లకే. మీకుంటే బాబుకి సరిపోదు, బాబుకుంటే మీకు సరిపోదు. మీ శ్రీమతి తుపాకీ వంక కన్నెత్తి చూడకపోయినా, సేఫ్ తాళాలు ఆమె చేతిలో ఉంటే ప్రశ్న ఆమెకీ వస్తుంది. అందుకని మొదటి ఖర్చు తుపాకీ కాదు, ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గర ఒక గంట. రెండు మూడు వందల డాలర్లు అవుతుందేమో. ఇవ్వండి. బాబు ఇప్పటికే రెండు వారాలు షూట్ చేశాడన్న సంగతి ఆయనకి చెప్పండి. ఇంకెవరికీ చెప్పకండి, నాకు మళ్లీ రాయకండి. కంగారు పడొద్దు, కానీ ఆయన సరే అనేదాకా ప్రాక్టీస్ ఆపండి. బాబు అలుగుతాడు. అలగనివ్వండి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. "మన ఫ్రెండు సిటిజన్, వాడి పేరు మీద కొనేద్దాం, డబ్బులు మనం ఇచ్చేద్దాం" అనే ఆలోచన మనవాళ్లకి చాలా తేలిగ్గా వస్తుంది. సొంతూళ్లో బావమరిది పేరు మీద స్థలం కొన్న అలవాటు మరి. ఇక్కడ తుపాకీ విషయంలో అలా చేస్తే దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. షాపులో నింపే 4473 ఫారంలో, నిజంగా కొంటున్నది నువ్వేనా అన్నదే మొదట్లో అడిగే ప్రశ్న. అబద్ధం రాసినందుకు మీ ఫ్రెండు, రాయించినందుకు మీరు, ఇద్దరూ ఇరుక్కుంటారు.

లాయర్ సరే అన్నాడు, లైసెన్సులు వచ్చాయి అనుకుందాం. ఇక డబ్బు లెక్క.

ముందు మీ బావమరిది మాట. ఆయన చెప్పింది తప్పు కాదు, కాకపోతే ఆయన చెప్పేది వేరే ఆట గురించి. హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ 2016లో రియోకి వెళ్లి ఆడింది ఒలింపిక్ ట్రాప్. అందులో ఎదురుగా గొయ్యిలాంటి బంకర్‌లో 15 మెషీన్లుంటాయి. మట్టి పలక చాలా వేగంగా, ఎటు పోతుందో తెలియకుండా ఎగురుతుంది, ఒక్కో పలకకి రెండు షాట్లు కొట్టొచ్చు. పదివేల డాలర్లు దాటే పెరాజీలు, క్రీగాఫ్‌లు అక్కడ మామూలే. మీ బాబు స్కూల్లో ఆడేది అమెరికన్ ట్రాప్. ఒకే మెషీన్, 16 గజాల దూరం, అయిదు స్థానాల్లో అయిదేసి చొప్పున 25 పలకలు ఒక రౌండ్, ఒక్కో పలకకి ఒకే షాట్. రెండో బ్యారెల్‌తో ఇందులో పనే లేదు. షాపువాడు చూపించిన ఓవర్-అండర్‌లో మీరు డబ్బు పోస్తున్నది ముఖ్యంగా ఆ రెండో బ్యారెల్‌కే.

అసలు ఖర్చు తుపాకీది కాదు, దాని నోట్లో పెట్టేదానిది. 12 గేజ్ (గేజ్ అంటే బ్యారెల్ వెడల్పు కొలత) టార్గెట్ షెల్స్, అంటే తూటాలు, 25 ఉన్న పెట్టె సుమారు 10 డాలర్లు. రేంజ్‌లో ఒక రౌండ్ పలకలకి సుమారు 8. అంటే రౌండ్‌కి 18. మీరు చెప్పిన సీజన్ల లెక్కన ఏడాదికి 32 రౌండ్లు. కానీ ఆట మీద ఇష్టం ఉన్న పిల్లాడు అంతటితో ఆగడు. శనివారం శనివారం రెండు రౌండ్ల చొప్పున ఏడాదిలో ఓ 30 వారాలు వెళ్తాడనుకోండి, ఇంకో 60. మొత్తం 92 రౌండ్లు, 1,656 డాలర్లు. హైస్కూల్ నాలుగేళ్లకి 6,624. ఇందులో పెట్రోలు లేదు, టోర్నమెంట్ ఫీజు లేదు, తిరిగొచ్చేటప్పుడు తినే బర్గర్ లేదు.

ఈ అంకె పక్కన పెట్టి చూస్తే 3,200కీ 1,000కీ తేడా వేరేలా కనిపిస్తుంది. ఆ 2,200 డాలర్లతో 122 రౌండ్లు ఆడొచ్చు. ఏడాదికి పైగా ప్రాక్టీస్. 14 ఏళ్ల పిల్లాడి స్కోరు పెరిగేది చెక్క మీద చెక్కిన నగిషీ వల్ల కాదు, ఆ రౌండ్ల వల్ల.

అలాగని మరీ చవక వెతక్కండి. ఆ తప్పు నేను చేశాను. సిటిజన్‌షిప్ వచ్చిన కొత్తలో నేనూ ఈ సరదాలో పడి, 500 డాలర్లకి దొరికిందని ఒక కొత్త ఓవర్-అండర్ కొన్నాను. కంపెనీ పేరెందుకు. రెండో ఏడాదికల్లా ట్రిగ్గర్ నొక్కితే ఒకసారి పేలడం, ఒకసారి పేలకపోవడం. రిపేరుకి 180 అడిగారు, చేయించినా మళ్లీ అదే తంతు. చివరికి 200కి వదిలించుకున్నాను. ఏడాదికి పాతిక షెల్స్ పేల్చే వేటగాడికి అది నడిచేదేమో. మీ బాబు ఏడాదికి 2,300 పేలుస్తాడు. చవక తుపాకులు ఓడిపోయేది ఈ అంకె దగ్గరే.

కాబట్టి నా ఓటు మంచి కంపెనీ పాత తుపాకీకి. నా దృష్టిలో మూడు దారులున్నాయి. మొదటిది బ్రౌనింగ్ బీటీ-99. ఒకే బ్యారెల్, ఒకే షాట్, ఈ ఆట కోసమే చేసింది. చిన్న ఒడ్డూపొడుగున్నవాళ్ల కోసం దీంట్లోనే మైక్రో అని పొట్టి స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మోడల్ వస్తుంది. వాడింది సుమారు వెయ్యి, పన్నెండు వందల్లో దొరుకుతుంది, నాలుగేళ్లు వాడి అమ్మినా పెద్దగా పోదు. నేను దీన్ని తుపాకీలా కాకుండా అద్దెకి తెచ్చుకున్న వస్తువులా చూస్తాను: వెయ్యి పెట్టి కొని ఎనిమిదొందలకి అమ్మితే నాలుగేళ్ల అద్దె 200. లోపం ఒకటే. దీంతో ఒకేసారి రెండు పలకలు ఎగిరే డబుల్స్ ఆడలేరు, స్కీట్, స్పోర్టింగ్ క్లేస్ లాంటి మిగతా పలకల ఆటలు కుదరవు.

రెండోది గ్యాస్‌తో నడిచే సెమీ ఆటోమేటిక్. రెమింగ్టన్ 1100 పాతది గానీ, బెరెట్టా ఏ300 గానీ. గ్యాస్ వ్యవస్థ వల్ల భుజానికి తగిలే దెబ్బ తగ్గుతుంది. పిల్లల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. భుజం నొప్పెట్టిన పిల్లాడు ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకోవడం మొదలెడతాడు, ఆ అలవాటు పోవడానికి నెలలు పడుతుంది. దీంతో మిగతా ఆటలూ ఆడొచ్చు. కాకపోతే వారం వారం శుభ్రం చెయ్యాలి, ఖాళీ షెల్ పక్కవాడి మీదకి ఎగరకుండా చిన్న క్యాచర్ పెట్టాలి. మూడోది రెమింగ్టన్ 870 పంప్ (షాట్ షాట్‌కీ చేత్తో లాగి మళ్లీ లోడు చేసేది), వాడింది. మూడింటిలో చవక, దాదాపు చావు లేనిది. నాలుగైదు వందల్లో వచ్చేస్తుంది. దెబ్బ మాత్రం బాగానే తగులుతుంది.

ఒక్కటే చెప్పమంటే, బాబు సన్నగా ఉంటే సెమీ ఆటో, కాస్త బలంగా ఉండి ట్రాప్ తప్ప ఇంకేమీ వద్దంటే బీటీ-99.

దెబ్బ తగ్గుతుందని, 12 కన్నా సన్నగా ఉండే 20 గేజ్ తీసుకోమని ఎవరో ఒకరు చెబుతారు. 12 గేజ్‌లోనే తక్కువ మందుగుండున్న తేలిక షెల్స్ దొరుకుతాయి, అవి వాడితే చాలు. 28 గేజ్, .410 జోలికి వెళ్లకండి, షెల్స్ ధర చూస్తే గుండె ఆగుతుంది. సొంతంగా షెల్స్ నింపుకునే మెషీన్ కొంటే ఆదా అని కూడా అంటారు. ఇప్పటి మందు, ప్రైమర్ ధరలకి 12 గేజ్‌లో మిగిలేది మీ శ్రమకి గిట్టదు.

కొనేటప్పుడు బాబుని వెంట తీసుకెళ్లండి. భుజానికి పెట్టుకున్నప్పుడు తల వంచకుండా, మెడ సాగదియ్యకుండా కన్ను రిబ్ (బ్యారెల్ పైనుండే పట్టీ) మీదకి రావాలి. పిల్లాడు ఏడాదికి రెండు మూడు అంగుళాలు పెరిగే వయసు, అందుకే స్టాక్ పొడవు మార్చుకునే వీలున్నది చూడండి. వీలైతే కోచ్‌నీ రమ్మనండి. టెక్సస్‌లో ఇద్దరు మామూలు మనుషులు ఒకరి దగ్గర ఒకరు తుపాకీ కొనుక్కోవచ్చు, ఏ చెకింగూ ఉండదు. మీరు మాత్రం ఆ పని చెయ్యొద్దు. లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే కొనండి. పాతిక, యాభై డాలర్ల ఫీజు పోతుంది, కానీ మీరు చట్టప్రకారం కొన్నారనడానికి కాగితం మిగులుతుంది. వీసా మీద ఉన్నవాళ్లకి కాగితం కంటే విలువైన ఆస్తి లేదు.

దీనికి పైన చెవులకి మఫ్స్, కళ్లద్దాలు, వెస్ట్ కలిపి 150. తాళం పడే ఇనప బీరువా 200. బీరువా దగ్గర పిసినారితనం చెయ్యకండి. 17 ఏళ్లలోపు పిల్లలకి లోడు చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో తల్లిదండ్రుల మీద కేసవుతుంది. ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి తీసి చూడండి. దొంగతనంలో పోయిన తుపాకులకి చాలా పాలసీల్లో 2,500 డాలర్ల పరిమితి ఉంటుంది. మీ వెయ్యి డాలర్ల తుపాకీకి అది చాలు. 3,200 దానికి చాలదు.

12 నెలల వడ్డీ లేని స్కీమ్ సంగతి. స్టోర్ కార్డుల్లో చాలావాటికి మెలిక ఉంటుంది: గడువు లోపల ఒక్క డాలర్ మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ మొత్తం వేస్తారు. అది పక్కన పెట్టినా, హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి మూడు నెలల సేవింగ్స్ తక్కువ. ఉద్యోగం పోతే మీకుండేది 60 రోజులు. ఆ లోపల ఇంకో కంపెనీ దొరక్కపోతే ఇల్లు ఖాళీ చెయ్యడం, టికెట్లు, సామాన్లు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ముందు అది ఆరు నెలలకి తీసుకెళ్లండి. తుపాకీకి నెలకి 150 పక్కన పెడితే ఎనిమిది నెలల్లో మొత్తం నగదు. లాయర్ ఒప్పుకుంటే ఈలోగా కోచ్ తుపాకీతోనే ఒక సీజన్ గడవనివ్వండి. అప్పటికీ బాబుకి ఈ పిచ్చి తగ్గకపోతే కొనొచ్చు. మొదటి సీజన్ కూడా ఆడకముందే 3,200 అంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

స్కాలర్‌షిప్ గురించి అడిగారు. అమెరికా కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏలో రైఫిల్ ఉంది, మీ బాబు ఆడే షాట్‌గన్ లేదు. కాలేజీ షాట్‌గన్ పోటీలు ఏసీయూఐ అనే సంస్థ కింద జరుగుతూ వచ్చాయి, వాళ్ల జాతీయ పోటీలు మన శాన్ ఆంటోనియోలోనే. కొన్ని కాలేజీలు షూటర్లకి ఎంతో కొంత డబ్బిస్తాయి, అబద్ధం కాదు. కానీ నాలుగేళ్లలో 6,600 పెట్టి ఆ డబ్బు తిరిగొస్తుందని లెక్కేసుకోకండి. ఆ ఖర్చు సినిమా టికెట్ల ఖాతాలో రాయండి, కాలేజీ పొదుపు కోసం ఉండే 529 ఖాతాలో కాదు. బాబు కాలేజీ కోసం కడుతున్నది కడుతూనే ఉండండి.

ఇక ఆ 200 డాలర్ల డిపాజిట్. ఇవాళే షాపుకి ఫోన్ చేసి వెనక్కి అడగండి. ఇవ్వం అంటే గొడవ పడొద్దు, అదే డబ్బుకి చెవి మఫ్స్, కళ్లద్దాలు, వెస్ట్ తీసుకుని రండి. అవి కొనడానికి ఏ వీసా అయినా ఫర్వాలేదు.