అరకు ఒక్క రోజులో అయిపోతుందా?

ప్రశ్న: మేము గాజువాకలో ఉంటాం. నవంబరులో మా అత్తగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు. ఆవిడకి అరకు, అక్కడి గిరిజనుల థింసా నృత్యం చూడాలని ఎప్పటి నుంచో కోరిక. మావారు ఆదివారం పొద్దున్నే కారులో వెళ్లి రాత్రికి వచ్చేద్దామంటున్నారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లి రావచ్చమ్మా, కాకపోతే అత్తగారికి గుర్తుండేది ఎస్.కోట దాటాక వచ్చే ఘాట్ మలుపులే. ఇక్కడి నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. రానూ పోనూ ఆరేడు గంటలు కారులోనే గడిచిపోతాయి. మీవారి చేత శనివారం సెలవు పెట్టించండి, ఒక రాత్రి అక్కడ ఉండండి.

వెళ్లేటప్పుడు విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు ఎక్కండి. అద్దాల బోగీలో టికెట్ దొరికితే మంచిదే, దొరక్కపోతే కుడి వైపు కిటికీ చూసుకోండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం వేసిన లైను అది, దారిలో 50కి పైగా సొరంగాలున్నాయి. చీకటి కమ్మిన ప్రతిసారీ బోగీలో పిల్లలు పెట్టే కేకలు వినాలి! పెద్దావిడకి కాస్త లేచి తిరగడానికి వీలుంటుంది, బాత్రూమ్‌కి టెన్షన్ ఉండదు.

బొర్రా గుహలు ఈసారికి వదిలేయండి. దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాలి, పైగా తడి. ఆ మోకాళ్లతో వద్దు. అరకులో గిరిజన మ్యూజియం నిదానంగా చూపించండి. నవంబరు కాబట్టి వలిసె పూలు పసుప్పచ్చగా విరగబూసి ఉంటాయి. ఫొటో కోసం చేలోకి దిగితే రైతు డబ్బులడగొచ్చు. బేరమాడకుండా ఇచ్చేయండి. అది నూనె గింజల పంట, తొక్కితే నష్టపోయేది ఆయనే.

ఇక థింసా. ఊళ్లలో దాని అసలు సందడి చైత్రంలో, గిరిజనుల వేట పండగైన ఇటుకల పండగకి. మీరు నవంబరులో చూసేది హోటల్ ముందు సాయంత్రం టూరిస్టుల కోసం ఆడేదే. అయినా బాగుంటుంది. ముందుగా గది బుక్ చేసేటప్పుడే ఆ రోజు ఉంటుందో లేదో అడగండి. ఆడవాళ్లు వరసగా నిలబడి, వీపుల వెనక నుంచి చేతులు పెనవేసుకుంటారు. మోరి అనే సన్నాయి ఊదుతుంటే, తుడుము అనే డోలు మోగుతుంటే వరసంతా ఒక్క పాములా వంగి లేస్తుంది. అందరూ మొహాలు చూస్తారు, మీరు పాదాలు చూడండి. ఒక్క అడుగు కూడా తడబడదు. మిమ్మల్నీ చెయ్యి పట్టుకుని లాగుతారు, సిగ్గుపడకండి. అత్తగారికి మాత్రం ముందు వరసలో కుర్చీ వేయించండి. చివర్లో డబ్బులు ఆడినవాళ్ల చేతికే ఇవ్వండి.

బొంగులో చికెన్ సంగతి మీరు అడగలేదు, నేనే చెబుతున్నా: అప్పటికప్పుడు నిప్పుల మీంచి తీసి, మీ ముందే చీల్చిన బొంగయితేనే తీసుకోండి.

ప్రశ్న: అరకు కాఫీ కొంటే పొడి కొనాలా, గింజలా?

జవాబు: ఇంట్లో మిక్సీ ఉంటే వేయించిన గింజలే. పొడి అయితే ప్యాకెట్ మీద చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంత శాతమో చదవండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన పెరిగే అరబికా రకం అది. 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అంత మంచి కాఫీలో సగం చికోరీ ఎందుకు కలుపుకోవడం?