పొగ ఇంకా ఉంటుంది అమ్మలూ

అమ్మలూ,

కాలిఫోర్నియాలో కంప్యూటర్ చదువు మానేసి కమ్యూనిటీ కాలేజీలో ఫైర్ టెక్నాలజీలో చేరుతున్నావని మీ అమ్మ ఏడుస్తూ చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వరండాలోనే కూర్చున్నాను. భయమేసింది. తర్వాత బీరువాలోంచి నా పాత యూనిఫాం బెల్టు తీసి పాలిష్ పెట్టాను.

చేరుతూనే పోలీసు కోర్సా, ఫైరా అని ఇంకా ఊగుతున్నావట. మొదటి సెమిస్టర్‌లో రెండు క్లాసులూ విను, తర్వాత ఒకటే పట్టుకో. ఈఎంటీ సర్టిఫికెట్, అదే అత్యవసర ప్రథమ చికిత్స చేసేవాళ్లది, ముందే తెచ్చుకో. మీ దేశంలో ఫైర్ స్టేషన్లకు వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం మంటలు కావు, ఒంట్లో బాగోలేనివాళ్లవే. ఫైర్ ఉద్యోగానికి పెట్టే సీపాట్ అనే దేహదారుఢ్య పరీక్షలో దాదాపు 23 కిలోల బరువు తొడుక్కుని ఎనిమిది పనులు 10 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. మొదటిది మెట్లెక్కడం, దానికి ఇంకో 11 కిలోలు భుజాల మీద. డైటింగ్ పేరుతో అన్నం మానేస్తే ఆ బరువు మోయలేవు, చెబుతున్నాను.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి.

1994 వేసవి. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ తగలబడింది. అప్పుడు నేను లీడింగ్ ఫైర్‌మన్‌ని. మిర్చి పొగంటే మామూలు పొగ కాదు, పోపు మాడితేనే ఇల్లంతా దగ్గుతుంది కదా, అక్కడ వేల టిక్కీలు, మిర్చి బస్తాలన్నమాట. దానికి తోడు చల్లదనానికి వాడే అమ్మోనియా. గాలి సిలిండర్, మాస్క్ ఉండే బీఏ సెట్లు తగిలించుకుని ఇద్దరం లోపలికెళ్లాం. నా వెంట ఇరవై మూడేళ్ల కుర్రాడు, చేరి ఏడాది కాలేదు. తెల్లారేసరికి మంట ఆరింది, టిక్కీలు రాజుకుంటున్నాయంతే. అప్పుడు నా సిలిండర్ సీటీ మోగింది. గాలి అయిపోవస్తోందని. ఇద్దరం కలిసి బయటికి రావాలి, అదే రూలు. సిలిండర్ మార్చుకుని వచ్చేసరికి మళ్లీ అంటుకుంటుందేమోనని నేను మాస్క్ తీసేసి బ్రాంచి, అదే నీళ్ల పైపు కొన, పట్టుకున్నాను. మంట లేదుగా అనుకున్నాను.

నన్ను చూసి వాడూ తీసేశాడు.

వాడి సెట్‌లో ఇంకా గాలి ఉంది అమ్మలూ. తీయమని నేను చెప్పలేదు. తీయొద్దనీ చెప్పలేదు. నేను వారం దగ్గి లేచాను. వాడు మూడు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు, ఆ తర్వాత నిచ్చెన ఎక్కలేకపోయాడు. వాచ్ రూమ్‌లో ఫోన్లు ఎత్తే డ్యూటీ వేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. పండక్కి వాళ్లింటికి వెళ్తే వాళ్లమ్మ నాకు భోజనం పెట్టేది. ఆ ముద్ద గొంతు దిగేది కాదు.

అందుకే మంట ఆరాక కూడా మాస్క్ తీయకు. ఎవరు తీసినా నువ్వు తీయకు, పక్కవాడు తీస్తే తిట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో ఈ వృత్తిని క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. మసి కోటు కారులో వేసుకుని ఇంటికి తేకు. నేను మసి ఖాకీతోనే మీ అమ్మను ఎత్తుకునేవాణ్ని, నాన్న వాసన అంటూ మెడకు చుట్టుకునేది. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

నీకు బీఏ సెట్ ఇచ్చిన రోజు వీడియో కాల్ చెయ్యి. గాలి తగ్గితే అది ఎలా మోగుతుందో ఒకసారి వినిపించు. మాకు సీటీలా మోగేది.

తాతయ్య