కుంటుతున్న గుర్రానికి ఆక్యుపంక్చర్ చేయిస్తే మామూలు వైద్యం మానేయవచ్చా?

మానేయకూడదు, ఆక్యుపంక్చర్ నొప్పి తగ్గించడానికి మందులకు తోడుగా పనికిరావచ్చు గానీ, కుంటడానికి కారణమైన జబ్బును నయం చేయదు. సన్నటి సూదులు గుచ్చినప్పుడు నరాలు స్పందించి, నొప్పిని అణచే ఎండార్ఫిన్ల వంటి రసాయనాలు ఒంట్లోనే విడుదలవుతాయి. అందుకే పాత కీళ్లనొప్పి, వెన్ను పట్టేయడం లాంటి వాటికి దీన్ని వాడతారు. అయితే ఆధారాలు ఇంకా గట్టిగా లేవు.

కుంటడం జబ్బు కాదు, లక్షణం. గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది కాబట్టి సమస్య ఎక్కువగా అక్కడే, అందులోనూ గిట్టలోనే మొదలవుతుంది. ఆదోనిలో ఒక జట్కా గుర్రానికి గిట్టలో మేకు దిగి, లోపల చీము పట్టిందనుకోండి. డాక్టరు గిట్ట అడుగు చెక్కి చీము తీయాలి, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ వేయాలి (గుర్రాలకు ఆ జబ్బు చాలా తేలిగ్గా వస్తుంది). ఎన్ని సూదులు గుచ్చినా ఆ చీము బయటికి రాదు కదా!

చాలామంది పొరబడేది ఒక్కచోట. సూదులు వేశాక కుంటడం తగ్గితే ఇక బండి కట్టొచ్చు అనుకుంటారు. నొప్పి తెలియని గుర్రం దెబ్బతిన్న కాలి మీద పూర్తి బరువు మోపుతుంది, గాయం ఇంకా ముదురుతుంది. ఇంకొందరు దీన్ని మన పల్లెల్లో పశువులకు పెట్టే వాతల్లాంటిదే అంటారు. వాత చర్మాన్ని కాలుస్తుంది, ఇందులో కాల్చడం ఉండదు. పశువైద్యుడు కాలు పరీక్షించి, అవసరమైతే ఎక్స్‌రే తీసి కారణం తేల్చాకే సూదుల మాట.