మార్ఫిన్ దొరకని రోజులు మళ్లీ వస్తే నాన్నగారిని ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: కోవిడ్ సమయంలో మా అమ్మకు క్యాన్సర్ ముదిరి, ఇంట్లోనే ఉంచి పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) ఇప్పించాం. చివర్లో మార్ఫిన్ మాత్రలు దొరక్క, ఉన్నవాటినే సగం సగం చేసి వేశాం. చాలా బాధపడింది. ఇప్పుడు నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆయనా మార్ఫిన్ మీదే ఉన్నారు. మళ్లీ ఏదైనా మహమ్మారి వస్తే ఎలా? ముందే ఎక్కువ మాత్రలు తెచ్చి దాచుకోవచ్చా? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మగారి బాధకు మీరు కారణం కాదు. మీ చేతిలో ఉన్నదానితో మీరు చేయగలిగింది చేశారు. ఆ కొరత ఎందుకు వచ్చిందో తెలిస్తే ఈసారి ఎక్కడ జాగ్రత్తపడాలో కూడా తెలుస్తుంది.

ఇంట్లో చివరి దశలో ఉన్నవారికి నొప్పి తగ్గించడానికి వాడే మార్ఫిన్, ఫెంటానిల్, ఆందోళన తగ్గించి మగతనిచ్చే మిడజోలం మందులే ఐసీయూలోనూ కావాలి. వెంటిలేటర్ మీద ఉన్న రోగి గొంతులో గొట్టాన్ని భరించాలంటే ఈ మత్తుమందులు రోజుల తరబడి ఆగకుండా ఎక్కుతూ ఉండాలి. 2020లో ఐసీయూలు ఒక్కసారిగా నిండిపోయాయి. మందు మాత్రం అంత త్వరగా పెరగదు. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మార్ఫిన్ లాంటివి ఏడాదికి ఎంత కావాలో ప్రతి దేశం ముందే అంచనా వేసి చెప్పాలి, దిగుమతికి ప్రతిసారీ అనుమతి తీసుకోవాలి. దానికి తోడు రవాణా స్తంభించింది. ఆ ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగాలు కలిసి ఈ మందుల సరఫరా ఆగకుండా చూడాలని ప్రభుత్వాలను కోరాల్సి వచ్చింది. నిజానికి మహమ్మారి లేనప్పుడూ ఈ అన్యాయం ఉంది. 2017లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా పంపిణీ అయ్యే ఈ తరహా నొప్పి మందులు సుమారు 298.5 మెట్రిక్ టన్నులు. అందులో అత్యంత పేద దేశాలకు చేరేది 0.1 టన్ను. ఐసీయూ రోగి ప్రాణం ఎంత ముఖ్యమో, ఇంట్లో మంచం మీద ఉన్న మనిషి నొప్పి లేకుండా ఉండటమూ అంతే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. దాచుకోవద్దు. అందరూ అలా చేస్తే కొరత మహమ్మారి కంటే ముందే వస్తుంది. పైగా ఇంట్లో ఎక్కువ మార్ఫిన్ ఉండటం పిల్లలకు ప్రమాదం. దానికి బదులు మాత్రలు అయిపోవడానికి కనీసం వారం, పది రోజుల ముందే డాక్టరుకు చెప్పే అలవాటు చేసుకోండి. "ఈ మందు దొరక్కపోతే దీని బదులు ఏది, ఎంత మోతాదులో వేయాలి?" అని ఇప్పుడే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆ కాగితం మీదే రాయించుకోండి.

మోతాదును మీ అంతట మీరు సగం చేయకండి. నొప్పి తిరగబెట్టడమే కాదు, అలవాటుపడిన శరీరానికి మార్ఫిన్ ఒక్కసారిగా తగ్గితే చెమటలు, వణుకు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు, కుదురులేకపోవడం మొదలవుతాయి. నెమ్మదిగా పనిచేసే రకం మాత్రలైతే నలపడం, విరవడం మరీ ప్రమాదం. పన్నెండు గంటలకు సరిపడా మందు ఒక్కసారే ఒంట్లోకి వెళ్లిపోతుంది.

బదులు మందులు ఉన్నాయి. మార్ఫిన్ మాత్ర లేకపోతే సిరప్, ఆక్సికోడోన్, చర్మం మీద అంటించే ఫెంటానిల్ లేదా బ్యూప్రెనార్ఫిన్ ప్యాచ్, నిపుణుల పర్యవేక్షణలో మెథడోన్. కానీ ఒక మిల్లీగ్రాముకు ఒక మిల్లీగ్రాము అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. మార్చేటప్పుడు సాధారణంగా లెక్కకు వచ్చిన మోతాదును పావు వంతు నుంచి సగం వరకు తగ్గించి మొదలుపెడతాం. అందుకే ఆ లెక్క డాక్టరే వేయాలి. ఫెంటానిల్ ప్యాచ్ పూర్తిగా పనిచేయడానికి సుమారు 12 నుంచి 24 గంటలు పడుతుంది, అంతవరకు వేరే మందు కావాలి. దాని మీద వేడి కాపడం పెట్టకూడదు, మందు ఎక్కువగా ఒంట్లోకి దిగుతుంది. నాన్నగారు మింగలేని స్థితికి వస్తే నాలుక కింద, మలద్వారం ద్వారా, చర్మం కింద సన్నని సూదితో ఇచ్చే దారులున్నాయి. ఇంట్లోవాళ్లు నేర్చుకోగలిగినవే, ఇప్పుడే చూపించమని అడగండి.

ఊపిరితిత్తుల జబ్బు కాబట్టి ఆయాసం గురించి కూడా చెప్పాలి. మార్ఫిన్ కొద్ది మోతాదులో ఆయాసాన్నీ తగ్గిస్తుంది. మందు చేరేలోపు ఆయన్ను ఎత్తుగా, కాస్త ముందుకు వాలేలా కూర్చోబెట్టి, చిన్న ఫ్యాన్ గాలి ముఖానికి తగిలేలా పెట్టండి. చిట్కాలా అనిపించినా దీనివల్ల ఆయాసం నిజంగా తగ్గుతుంది. చివరి రోజుల్లో ఆందోళన, పెనుగులాట కనిపిస్తే మిడజోలం లేదని కంగారుపడేముందు మూత్రం ఆగిందేమో, మలబద్ధకం ఉందేమో చూడండి. చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది. మందు అవసరమైతే లోరాజెపామ్‌ను నాలుక కింద పెట్టవచ్చు, మతిభ్రమ ఉంటే హాలోపెరిడాల్ ఇస్తాం. గొంతులో గురగుర శబ్దం వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వినే మనకు భయంగా ఉన్నా, స్పృహ తగ్గిన రోగికి అది సాధారణంగా బాధ కలిగించదు.

అమ్మగారి మందులు ఇంకా ఇంట్లో మిగిలి ఉంటే నాన్నగారికి వాడకండి, తిరిగి అప్పగించండి. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రభుత్వం కేర్ హోముల్లో, హాస్పిస్‌లలో (చివరి దశ రోగులను చూసుకునే కేంద్రాల్లో) మిగిలిన మందులను వేరే రోగికి వాడేందుకు తాత్కాలికంగా అనుమతించింది. అయితే అది కొరత ఉన్నప్పుడు, అర్హులైనవారు ఒక్కొక్క మందునూ పరిశీలించి ఇచ్చే పద్ధతి. మార్ఫిన్ వాడుతున్నప్పుడు లేపినా లేవనంత మగత, శ్వాస బాగా నెమ్మదించడం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి. మూత్రపిండాలు దెబ్బతింటే మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి ఈసారి రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూడమని అడగండి.