సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫ్ ఆడటానికి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. నెలకు చేతికి 2.1 లక్షలు వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 62 వేలు, ఇంటి ఖర్చు 85 వేలు, సిప్‌లు 30 వేలు. మార్చిలో బోనస్ పన్ను పోను 1.8 లక్షల దాకా వస్తుంది. పాప ఇంటర్ ఫస్టియర్. తన ఇంజినీరింగ్ కోసం ఈక్విటీ ఫండ్లలో 9 లక్షలు ఉన్నాయి. మూడేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను. వచ్చే జూన్‌లో నలుగురు స్నేహితులం స్కాట్లాండ్ వెళ్లి సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో ఆడాలనుకుంటున్నాం. గురువారం దిగి ఆదివారం తిరుగు ప్రయాణం. తలకు 5.5 లక్షలు అవుతుందంటున్నారు. 13 శాతం వడ్డీకి 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకోనా, లేక పాప ఫండ్ నుంచి తీసి తర్వాత సర్దనా? అక్కడి కోర్సుల మీద రివ్యూ వీడియోలు చేస్తే ఖర్చు తిరిగి వస్తుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. మా ఆవిడ మాత్రం ఒప్పుకోవడం లేదు.

జవాబు: ట్రిప్‌కి వెళ్లండి. కానీ జూన్‌లో వద్దు, లోన్‌తో వద్దు, పాప డబ్బు జోలికి అసలే వెళ్లొద్దు.

ముందే ఒక మాట. నేను గోల్ఫ్ ఆడను. ఒకసారి క్లయింటు పిలిస్తే గోల్కొండ పక్కన నయా ఖిల్లా కోర్సుకి వెళ్లి ఓ యాభై బంతులు కొట్టి, రెండు రోజులు భుజానికి బామ్ రాసుకున్నాను. అయితే ఇద్దరు క్లయింట్ల స్కాట్లాండ్ ట్రిప్‌లకు లెక్కలు వేసిచ్చాను కాబట్టి అక్కడ డబ్బు ఎటు పోతుందో కొంత తెలుసు.

మీ ప్లాన్‌లో నాకు మొదట కంటికి కనిపించింది లోన్ కాదు, ఆదివారం. ఓల్డ్ కోర్స్ ఆదివారం ఆటకు మూసేస్తారు. అది ఊరి ఉమ్మడి భూమి. ఆ రోజు ఊళ్లోవాళ్లు కుక్కల్ని తిప్పుకుంటూ, పిల్లలతో నడుస్తూ ఉంటారు. పోనీ మిగతా రోజుల్లో డబ్బు కడితే ఆడనిస్తారా అంటే, అదీ లేదు. చాలామంది విజిటర్లు ఆడేది బ్యాలెట్‌తోనే. అంటే ఆడాల్సిన రోజుకు రెండు రోజుల ముందు పేర్లిచ్చి, లాటరీలో వస్తే ఆడటం. నలుగురూ కలిసి ఒకే ఎంట్రీ ఇవ్వొచ్చు. మీ లెక్క ప్రకారం గురువారం దిగి, అలసట తీర్చుకుని, శుక్ర శనివారాలు ఆడాలి. అంటే మీకున్నది రెండు లాటరీ టికెట్లు. ఐదున్నర లక్షల ఖర్చు రెండు టికెట్ల మీద పెడుతున్నారన్నమాట. టీ టైమ్ (ఆట మొదలుపెట్టడానికి కేటాయించే సమయం) గ్యారంటీగా ఇచ్చే ప్యాకేజీలు ఉన్నాయి గానీ, వాటి ధర చూస్తే మీ ఆవిడ అభ్యంతరం ఇంకా బలపడుతుంది.

అందుకే మొదటి మార్పు రోజుల్లో చేయండి. ఆదివారం చేరి శుక్రవారం బయల్దేరేలా బుక్ చేసుకుంటే నాలుగైదు అవకాశాలు దొరుకుతాయి. అందుకు ఒకటి రెండు రాత్రుల హోటల్ ఖర్చు పెరిగినా నష్టం లేదు. లాటరీలో పేరు రాని రోజు పక్కనే ఉన్న న్యూ కోర్స్‌లో ఆడండి. పేరుకే న్యూ, అది 1895 నాటిది. జూబిలీ కోర్స్ 1897లో, ఈడెన్ 1914లో వచ్చాయి. ఇవన్నీ ఓల్డ్ కోర్స్ నడిపే ట్రస్టే నడుపుతుంది, ఫీజు కూడా ఓల్డ్ కోర్స్ కంటే తక్కువ. కాస్త దూరం వెళ్లగలిగితే ఈలీ అనే చిన్న ఊళ్లో ఒక కోర్సు ఉంది. మొదటి హోల్ దగ్గర గుట్ట అడ్డమొచ్చి ముందు ఎవరున్నారో కనపడదు. అందుకని ఒక పాత సబ్‌మెరైన్ పెరిస్కోప్ తెచ్చి పెట్టుకున్నారు, అందులోంచి చూసి కొడతారు. మా క్లయింటు ఒకాయన ఓల్డ్ కోర్స్ కంటే దాని గురించే ఎక్కువ చెప్పాడు.

ఇక ఖర్చు. ఓల్డ్ కోర్స్ ఫీజు 2025 వేసవి సీజన్‌లో 340 పౌండ్లు. పౌండు 120 రూపాయలనుకుంటే ఒక్క రౌండుకే 40,800. బ్యాగు మోసే క్యాడీ ఖర్చు, టిప్పు దీనికి అదనం. నవంబరు నుంచి మార్చి దాకా ఫీజు బాగా తగ్గుతుంది కానీ, ఫెయిర్‌వే (బంతి కొట్టుకుంటూ వెళ్లే గడ్డి దారి) పాడవకుండా బంతి కింద చిన్న మ్యాట్ వేసుకుని కొట్టాలి. అంత దూరం వెళ్లి మ్యాట్ మీద ఆడటం మీకు ఇష్టమైతే సరే, నేనైతే సిఫారసు చేయను.

మీ డబ్బు లెక్క చూద్దాం. 2.1 లక్షల్లోంచి మీరు చెప్పినవన్నీ పోతే నెలకు 33 వేలు మిగులుతుంది. అందులో 25 వేలు ఆర్డీలో వేయండి. జూన్‌కి ఎనిమిది నెలలే కాబట్టి 2 లక్షలు, బోనస్ కలిపితే 3.8 లక్షలు. చాలదు. అదే సెప్టెంబరు మొదటి వారానికి జరిపితే పదకొండు నెలలకు 2.75 లక్షలు, బోనస్‌తో 4.55 లక్షలు. ట్రిప్‌ని ఆ 4.55 లక్షల్లోనే కుదించండి. ఎయిర్‌లైన్ స్పోర్ట్స్ బ్యాగేజీ చార్జీ పెట్టి క్లబ్‌లు (గోల్ఫ్ కర్రలు) మోసుకెళ్లే బదులు అక్కడ అద్దెకు తీసుకోవచ్చు. సెయింట్ ఆండ్రూస్‌లో రైల్వే స్టేషన్ లేదు, అందుకని చాలామంది ఎడిన్‌బరో నుంచి టాక్సీ మాట్లాడేసుకుంటారు. ల్యూకార్స్ దాకా రైల్లో వెళ్లి, అక్కణ్ణుంచి బస్సెక్కితే సరిపోతుంది. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో అక్కడ డన్‌హిల్ లింక్స్ అనే ప్రొఫెషనల్ టోర్నీ జరుగుతుంది, కోర్సు దొరకదు. అందుకే మొదటి వారం అన్నాను. టికెట్లు కొనే ముందు ఆ ఏడాది తేదీలు చూసుకోండి.

లోన్ తీసుకుంటే ఏమవుతుందో కూడా చూడండి. 5 లక్షలకు 13 శాతం మీద మూడేళ్లకు ఈఎంఐ సుమారు 16,850. మొత్తం వడ్డీ లక్షా ఆరు వేలు. మూడో ఏడు ఈఎంఐ కడుతున్నప్పుడు పాప కాలేజీ ఫీజు కూడా కడుతుంటారు. మూడు నెలలు ఆగితే ఈ లక్ష మిగులుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇంకో రెండేళ్లలోపే కావాల్సిన చదువు డబ్బు 9 లక్షలూ ఈక్విటీలోనే ఉండటం నాకు ట్రిప్ కంటే ఎక్కువ టెన్షన్ పెడుతోంది. ఇప్పట్నుంచే కొంచెం కొంచెంగా ఎఫ్‌డీలోకో, తక్కువ రిస్కు ఉన్న డెట్ ఫండ్‌లోకో మార్చండి. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల లాభం ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల దాకా ఉంటే దాని మీద పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. కాబట్టి రెండు ఆర్థిక సంవత్సరాలకు పంచి అమ్మితే పన్ను తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు మీ ఫ్రెండు గారి రివ్యూ ఐడియా. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటేనే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. నాలుగు కోర్సుల వీడియోలతో అంతవరకు రావడం కష్టం. వచ్చినా అది వ్యాపార ఆదాయం కిందకి వస్తుంది, జీతం వాళ్లు వేసే సులువైన రిటర్ను ఫారం ఐటీఆర్-1 పనికిరాదు. మీ ఫ్రెండు మనసులో బహుశా ఇంకో ఆలోచన కూడా ఉండొచ్చు: ట్రిప్ అంతా వ్యాపార ఖర్చుగా చూపించి జీతం మీద పన్ను తగ్గించుకోవడం. అది కుదరదు. వ్యాపార నష్టాన్ని జీతం ఆదాయంతో సర్దుబాటు చేయనివ్వరు. పైగా కంపెనీకి తెలియకుండా పక్క ఆదాయం ఉండకూడదని మీ ఆఫర్ లెటర్‌లో ఉందేమో చూసుకోండి.

రివ్యూ రాయాలని సరదా ఉంటే రాయండి. తెలుగులో ఇలాంటివి తక్కువ, చదివేవాళ్లకు ఉపయోగపడుతుంది. కాకపోతే ఆట మధ్యలో కెమెరా సెట్ చేసుకుంటూ వెనకవాళ్లను ఆపకండి. ఎవరైనా ఉచితంగా ఆడిస్తే ఆ మాట రివ్యూలోనే చెప్పండి. మన దేశంలో ప్రకటనల మండలి ఏఎస్‌సీఐ 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఈ నియమం పెట్టింది.

చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. ఓల్డ్ కోర్స్‌లో మీ ఆట స్థాయిని చూపే హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ అడుగుతారు, ఇక్కడి మీ క్లబ్బు నుంచి ముందే తీసుకోండి. ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే పట్టుకునే పన్ను) వసూలు చేస్తాడు. అది పోయిన డబ్బు కాదు, ఐటీఆర్‌లో సర్దుబాటు అవుతుంది, రసీదు దాచుకోండి. అక్కడ కార్డు గీకేటప్పుడు మెషీన్ రూపాయల్లోనా పౌండ్లలోనా అని అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్లకు తోచిన రేటు వేస్తారు. వీసా కోసమని బావమరిది దగ్గర మూడు లక్షలు తెచ్చి ఖాతాలో వేసి చూపించడం మనవాళ్లకు అలవాటు. ఆ పని చేయొద్దు. అప్లికేషన్‌కు ముందు ఒక్కసారిగా పడిన డబ్బు ఎక్కడిదని వీసా ఆఫీసరు అనుమానిస్తారు. పదకొండు నెలల ఆర్డీ మీకు అక్కడ కూడా పనికొస్తుంది.

ఇక ఆదివారం సాయంత్రం చేరుకున్నాక గదిలో పడుకోకండి. కోర్సులోకి నడిచి వెళ్లండి. పద్దెనిమిదో హోల్ దగ్గర స్విల్కన్ అనే పాత రాతి వంతెన ఉంటుంది, దిగ్గజాలంతా ఫొటో దిగేది దాని మీదే. ఆ రోజు అక్కడ తిరగడానికి ఫీజు లేదు, లాటరీ కూడా లేదు.