జంతువుల నిర్ణయాల మీద కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ పీహెచ్‌డీ: బయాలజీ లేకుండా చేరొచ్చా?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయింది, బయాలజీ ఎప్పుడో వదిలేశాను, జంతువులు నిర్ణయాలెలా తీసుకుంటాయో గణితంతో మోడల్ చేసే పీహెచ్‌డీ నాకు దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుందండీ. నేనూ ఆ దారినే వచ్చాను.

మొదటి ఏడాది ముప్ఫైమంది ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ పంపాను, "మీ పరిశోధన ఎంతో నచ్చింది" అని. ఇద్దరు జవాబిచ్చారు, ఇద్దరూ కాదన్నారు. మరుసటి ఏడాది ముందు డేటా పట్టుకున్నాను. చాలా ల్యాబులు కలిసి ఎలుకల నిర్ణయాల మీద పనిచేసే ఇంటర్నేషనల్ బ్రెయిన్ లాబొరేటరీ తన డేటాను అందరికీ తెరిచి పెట్టింది. వాళ్ల ప్రయోగం ఇలా ఉంటుంది. తెర మీద ఎడమనో కుడినో చారల బొమ్మ వస్తుంది. చిట్టెలుక ముందుకాళ్లతో చిన్న చక్రం తిప్పి దాన్ని మధ్యకు తేవాలి. తెస్తే ఒక చుక్క నీళ్లు. కొన్నిసార్లు చారలు అసలు కనపడవు. అప్పుడు ఇంతవరకూ ఏ వైపు ఎక్కువగా వచ్చిందో గుర్తుపెట్టుకుని తిప్పాల్సిందే.

ఒక్క ఎలుక, ఒక్క రోజు ట్రయల్స్ (చక్రం తిప్పిన ఒక్కో ప్రయత్నం) ముందేసుకుని వారం కూర్చున్నాను. ఆధారాలు కొంచెం కొంచెంగా పోగై ఒక హద్దు దాటగానే నిర్ణయం జరుగుతుందనే డ్రిఫ్ట్ డిఫ్యూజన్ మోడల్‌తో సగటు బాగానే కుదిరింది. తప్పులు మాత్రం అక్కడక్కడా కాకుండా గుంపులుగా పడ్డాయి. చారలు స్పష్టంగా ఉన్నా వరసగా ఒకే వైపు తిప్పేస్తోంది! ఎలుకలు శ్రద్ధగా చేసే స్థితికీ, ఒక పక్కకే మొగ్గే స్థితికీ మధ్య మారుతుంటాయని 2022లో ఆష్‌వుడ్ బృందం నేచర్ న్యూరోసైన్స్‌లో చూపించింది. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, కానీ నా కళ్లతో చూశాను. ఆ తప్పుల గుంపులు కనిపించే గ్రాఫ్, నాలుగు వాక్యాలు, స్థితి మారేముందు చక్రం వేగంలో ఏమైనా తేడా వస్తుందా అన్న ఒక ప్రశ్న. ఇవి పెట్టి ఆరుగురికే రాశాను. నలుగురు జవాబిచ్చారు.

ఎక్కడ వెతకాలంటే, థియరీ మీద మక్కువ ఉంటే లండన్ యూసీఎల్‌లో 1998లో మొదలైన గాట్స్‌బీ కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ యూనిట్. ప్రయోగాలు చేసే సెయిన్స్‌బరీ వెల్‌కమ్ సెంటర్ కూడా అదే భవనంలో ఉంది, అది చాలా పెద్ద వరం. డోపమిన్ (మెదడులోని ఒక రసాయనం), రివార్డ్ లెర్నింగ్ (బహుమతుల నుంచి నేర్చుకోవడం) ఇష్టమైతే జర్మనీలో ట్యూబింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్, ఈ విషయంలో పేరున్న పీటర్ డయాన్ ఉన్నది అక్కడే. ఎలుకలు సాక్ష్యాన్ని కొంచెం కొంచెంగా ఎలా పోగేసుకుంటాయన్నదైతే ప్రిన్స్‌టన్‌లో కార్లోస్ బ్రోడీ ల్యాబ్. గుంపుగా తిరిగే జంతువులైతే జర్మనీలోనే కోన్‌స్టాంజ్. అమెరికాలో సాధారణంగా ప్రోగ్రాంకే అప్లై చేస్తాం, ల్యాబ్ తర్వాత. యూరప్‌లో చాలాచోట్ల ఉద్యోగం లాగానే జీతంతో పోస్టు వేస్తారు.

ఇంటర్వ్యూలో మీరు తప్పక అడగాల్సింది ఒకటుంది: "నా మోడల్ ఫలానాది జరుగుతుందంటే, దాన్ని ప్రయోగంలో పెట్టి చూసేదెవరు? ఎప్పుడు?" నేను అడగలేదు. మొదటి ప్రాజెక్టుకు రావాల్సిన రికార్డింగులు పద్నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చాయి. ఆ కాలమంతా ఉత్త సిమ్యులేషన్లతోనే గడిచింది.

బయాలజీ గురించి బెంగపడకండి. చేరగానే ఒక నెల, ఎలుకలకు శిక్షణ ఇచ్చేవాళ్ల పక్కన కూర్చోండి. దాహం తీరిన ఎలుక చక్రం మీద కాళ్లు పెట్టి కదలకుండా ఉండిపోవడం చూశాకే, నా మోడల్‌లో దాహానికి ఒక వేరియబుల్ ఉండాలని నాకు తట్టింది.